ఊపిరి తీసుకునే చోటు

రెండు పాయలుగా చీలే సొరంగం కూలింది. దాని కుడిపాయ చివర, దీపం ఆరిపోయిన చీకటిలో ఇద్దరు: ముఠామేస్త్రీ, అదే సొరంగంలో కొలతలు తీసే ఆయన కోడలు.

"ఆపకండి మామయ్యా, ఆపకండి! ఏదో అంటున్నారు."

"నేనెక్కడ ఆపానమ్మా? ఊపిరి ఆగినా ఈ సుత్తి ఆగదు. ఏమంటున్నారో నువ్వు విను."

"మీరు గొట్టం మీద కొట్టే మోతకి మాట వినపడి చావట్లేదు."

"ఆపొద్దంటావు, వినపడట్లేదంటావు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. నన్నేం చెయ్యమంటావు?"

"మెల్లగా కొట్టండి. ఆపకుండా, మెల్లగా. ఆ... అంతే. ఇంజనీరుగారి గొంతు. పక్కన పంపు నడిపే తాత కూడా ఉన్నాడు, దగ్గు వినిపిస్తోంది."

"వాడి దగ్గు కొండ అవతలికి కూడా వినిపిస్తుంది. అసలు మాట చెప్పు."

"ఉండండి మరి!"

"ఉన్నాను. ఎక్కడికి పోతాను? ముందు రాళ్ళగుట్ట, వెనక కొండ."

"అబ్బా... నా చెయ్యి."

"ఆ చెయ్యి కదపొద్దని చెప్పానా? కట్టు జారిందేమో చూసుకో."

"చీకట్లో ఏం చూసుకుంటాను? వదిలెయ్యండి. ఈ మైకు బాకా సగం మట్టిలో కూరుకుపోయింది. రెండో చేత్తో ఇంకాస్త మట్టి తీస్తే సరిగ్గా వినిపిస్తుంది."

"షిఫ్టు దిగే వేళకి 'బయటికి రండి, బయటికి రండి' అని చెవులు చిల్లులు పడేలా అరిచేది. ఇవాళ ఆ ఒక్క మాట అనదేం?"

"ఎవరో మైకు కట్టెయ్యడం మరిచిపోయారు మామయ్యా. అందుకే సొరంగం నోటి దగ్గర వాళ్ళలో వాళ్ళు అనుకునేవి మన చెవిన పడుతున్నాయి. మనతో మాట్లాడటం లేదు వాళ్ళు."

"ఆ మరుపు కూడా శ్రీహరి దయే."

"అంత దయే ఉంటే మన మాట కూడా అటు వినిపించేటట్టు చెయ్యొచ్చుగా."

"అడిగినవన్నీ అడగ్గానే ఇస్తే ఆయన దేవుడెందుకవుతాడమ్మా, మేనమామ అవుతాడు. ఇక గట్టిగా కొట్టనా?"

"వద్దు, వద్దు... గొట్టం గురించే! 'గొట్టంలో మోత వస్తోంది' అంటున్నారు!"

"విన్నారూ! చెప్పానా తల్లీ? ఈ గాలిగొట్టం నోటి దాకా ఒకటే ఇనుము. ఇక్కడ గోరు తగిలిస్తే అక్కడ గంట మోగుతుంది. స్వామీ, నీ పాదాలు..."

"ఆపండి! సుత్తి కాదు, మాట ఆపండి!"

"సరే, సరే."

"..."

"ఏమిటలా ఊరుకున్నావు?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే ఆ ఊపిరి అలా ఎందుకు తీస్తున్నావు? నాకు చెవులు మందమే కానీ బుద్ధి మందం కాదు. ఏమన్నారు?"

"పంపు అంటున్నారు."

"పంపేమిటి?"

"ఈ మోత మనుషులది కాదంట. నీళ్ళు తోడే పంపుదంట. లోపల గొట్టాన్ని రాతికి పట్టి ఉంచిన బిగింపులు ఊడిపోయాయంట. పంపు దెబ్బ పడ్డప్పుడల్లా గొట్టం రాతికి తగిలి ఖంగుమంటోందంట."

"ఇంజనీరుకి మతిగాని పోయిందా? బిగింపులు నా చేత్తో బిగించాను. ఊడతాయా?"

"'మనిషి కొడితే ఒక దెబ్బ ముందు, ఒక దెబ్బ వెనక పడాలి. ఇది పంపు దెబ్బకి దెబ్బ అచ్చంగా పడుతోంది' అన్నారు."

"అచ్చంగా ఎలా పడుతుందీ? పంపు మానాన పంపు, నా మానాన నేను."

"ఉండండి, గొట్టం మీద అరచెయ్యి పెట్టి చూస్తాను."

"చూడు. చూసి నువ్వే చెప్పు."

"మామయ్యా, కలిసే పడుతోంది."

"ఏది?"

"అడుగున దుబ్బు దుబ్బుమని పంపు. సరిగ్గా దాని నెత్తిమీద మీ సుత్తి. వెంట్రుకవాసి తేడా లేదు. మీరు పంపుతో కలిసి కొడుతున్నారు!"

"నేనా? డ్రిల్లు మింగేసిన చెవులమ్మా ఇవి. నువ్వు అరిస్తేనే సగం వినపడుతుంది నాకు. పంపు వినేదెక్కడ?"

"చెవికి వినపడక్కర్లేదు. ఎడమచెయ్యి గొట్టానికి ఆనించి ఉంచారుగా. ఆ చెయ్యి వింటోంది. కుడిచేతికి చెబుతోంది."

"కుట్ర చేస్తున్నాయన్నమాట, నా చేతులు నాకు తెలియకుండా."

"నవ్వులాట కాదు. తప్పించండి. తొందర తొందరగా కొట్టండి."

"ఇదిగో. ఇదిగో. ఎలా ఉంది?"

"తప్పింది. బాగుంది... బాగుంది... అయ్యో. మళ్ళీ వచ్చి కలిసింది."

"నేను తప్పించే కొడుతున్నాను!"

"తప్పించాననుకుంటున్నారు. ఆ చెయ్యి తీసెయ్యండి గొట్టం మీంచి."

"తీసేశాను. ఇప్పుడు?"

"ఇప్పుడు... లేదు. సుత్తి తగిలినప్పుడల్లా గొట్టం అదురు పిడిలోంచి మీకే ఎక్కుతోంది. ఇటివ్వండి, నేను కొడతాను."

"ఒంటిచేత్తోనా?"

"ఉన్నది అదేగా. ఇవ్వండి. దెబ్బ తప్పకుండా అందుకుంటాను. ఆ... వదిలెయ్యండి."

"జాగ్రత్త. కాళ్ళు జారతాయి, నీళ్ళు మోకాలి దాకా వచ్చాయి."

"చూడండి, నేను వంకరటింకరగా కొడతాను. ఒకటి పెద్దది. రెండు చిన్నవి. ఆగి, ఇంకొకటి. చెయ్యి పెట్టి చూడండి మీరు."

"చూస్తున్నా. బాగా కొడుతున్నావు. పిచ్చిపట్టిన వడ్రంగిలా కొడుతున్నావు. శభాష్... అమ్మాయ్."

"ఏం?"

"నీదీ కలిసిపోయింది."

"లేదు!"

"ఒట్టు. పంపు చంకనెక్కి కూర్చుంది నీ సుత్తి."

"లేదు, లేదు, నేను వేరేగా... ఛీ! ఛీ! ఎందుకిలా అవుతోంది!"

"ఏడవకు. ఏడిస్తే గాలి ఖర్చవుతుంది. ఎందుకవుతోంది? నువ్వు చదువుకున్నదానివి, చెప్పు."

"ఊగేవి రెండూ ఒకే ఇనుము పట్టుకుని ఉన్నాయి మామయ్యా. ఒకదాని అదురు ఒకదానికి తగులుతూ ఉంటే, ముందున్నది కాస్త తగ్గుతుంది, వెనకున్నది కాస్త ఎగబాకుతుంది. ఎవరూ చెప్పక్కర్లేదు. ఒకటైపోతాయి. మీ అబ్బాయీ నేనూ పోట్లాడుకుని వీధికి ఆ చివర ఒకరూ ఈ చివర ఒకరూ నడుస్తామా, ఇంటికి వచ్చేసరికి అడుగులు కలిసిపోయి ఉంటాయి. మాటలుండవు. అడుగులు మాత్రం ఒకటే."

"ఆ వెధవ సంగతి ఇప్పుడెందుకు?"

"ఎందుకంటే... ఉండండి. ఇంకోటి ఉంది."

"ఇంకో ఏమిటి?"

"ఇందాక నేను తప్పించినప్పుడు బయటపడింది. మూడోది. సన్నగా, దూరంగా. ఇంతసేపూ మన మోతే తిరిగి వస్తోందనుకున్నాను. ఇదిగో, మళ్ళీ తప్పిస్తున్నాను, చెయ్యి పెట్టి చూడండి. అదిగో! అదిగో!"

"ఎటునుంచి?"

"ఎడమపాయ."

"..."

"మీ అబ్బాయి ముఠా. ఆయన బతికే ఉన్నారు మామయ్యా. కొడుతున్నారు."

"..."

"వింటున్నారా? సుత్తి అందుకోండి, నా చెయ్యి పడిపోతోంది. మామయ్యా! సుత్తి ఆగిపోతుంది!"

"అందుకున్నాను. ఏం ఆగలేదు. కంట్లో ధూళి పడింది, అంతే."

"చీకట్లో కంట్లో ధూళి పడినట్టు ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది. బయట ఏమంటున్నారో విను నువ్వు."

"'మధ్యలో కాస్త తడబడింది, మళ్ళీ సర్దుకుంది' అంటున్నారు. నీటి పోటు మారినప్పుడు పంపు అలాగే చేస్తుందంట."

"మన తడబాటు కూడా పంపు ఖాతాలోకే పోయిందన్నమాట. సరే. నాకొకటి తోచింది. పద్యం కొడతాను."

"పద్యమా?"

"గురువుకి గట్టి దెబ్బ, లఘువుకి మెత్తని దెబ్బ. ఉత్పలమాల నడక. యతిస్థానం రాగానే ఆగి ఊపిరి తీసుకుంటాను. ఏ దేశంలో పంపు పద్యం చదువుతుంది? పంపు తాత పట్టేస్తాడు. వారం వారం నా దగ్గర కూర్చుని వింటాడు కదా."

"వింటాడా, నిద్రపోతాడా?"

"నిద్రపోతూ వింటాడు. నేను యతి దగ్గర ఊపిరి తీసుకోగానే మేలుకుని దగ్గుతాడు. ఒకసారి కోపమొచ్చి అన్నాను: 'ఒరే, యంత్రానికి ఊపిరి అక్కర్లేదు. చదివేది మనిషని ఆ ఆగిన చోటే తెలుస్తుంది. సరిగ్గా అక్కడే దగ్గుతావేంరా' అని. అప్పటినుంచి నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని దగ్గుతున్నాడు."

"కొట్టండి, కొట్టండి. మీ ఉత్పలమాలే కొట్టండి."

"విను. ఇది మొదటి పాదం."

"ఆ..."

"ఎలా ఉంది? నడక తెలుస్తోందా?"

"నాకు తెలుస్తోంది. కానీ..."

"కానీ ఏమిటి? యతి దగ్గర ఎంత చక్కగా ఆగానో చూశావా?"

"మీరు ఆగారు. గొట్టం ఆగలేదు. మీరు ఊపిరి తీసుకున్న చోట ఎడమపాయ దెబ్బ పడుతోంది. మీ ఖాళీలన్నీ ఆయన పూడ్చేస్తున్నారు. బయటికి వెళ్ళేసరికి అంతా ఒకటే మోత."

"నేను ఆగినప్పుడు వాడూ ఆగి వినొచ్చుగా!"

"ఆగరు. ఆగకూడదని నేర్పింది మీరేగా."

"నేర్పాను. నేర్పాల్సిందే. కూలినప్పుడు గొట్టం అందుకో, కొట్టు, ఒక చెయ్యి అలిసేలోగా ఇంకో చెయ్యి అందుకో. ఆపినవాడు చచ్చినవాడి లెక్క. నా ముఠాలో చేరిన ప్రతివాడికీ మొదటిరోజు పాఠం అదే."

"ఆ పాఠం మూలంగానే కదా ఆయన వేరే ముఠాకి మారింది. అలవాటు కోసం కొట్టించిన రోజున మంచినీళ్ళు తాగుదామని ఒక్క క్షణం ఆపారని, అందరి ముందూ చేతిలోంచి సుత్తి లాక్కున్నారు. 'నువ్వు చచ్చావు, పో' అన్నారు."

"అన్నాను. మళ్ళీ అంటాను. కొండ మంచినీళ్ళు తాగనిస్తుందా?"

"ఆరోజు నుంచి ఆయన మీతో మాట్లాడారా?"

"మాట్లాడకపోతే పోయె. ఇదిగో, ఇప్పుడు కొడుతున్నాడా లేదా? ఆపకుండా కొడుతున్నాడా లేదా? నా పాఠం ఒంటబట్టిందా లేదా?"

"పట్టింది మామయ్యా. ఆ ఒంటబట్టిందే ఇప్పుడు మనందర్నీ పూడ్చిపెడుతోంది. తప్పుగా అన్నాను. క్షమించండి."

"తప్పేం అనలేదు. కొట్టనీ."

"గాలి బరువెక్కింది కదా?"

"అదేం లేదు. నీకు భయం వల్ల అలా అనిపిస్తోంది."

"మీకెందుకు రొప్పు వస్తోంది మరి?"

"వయసు. బాకా దగ్గరికి పో."

"'ఒక్క క్షణం పంపు ఆపి విందామా' అని అడుగుతున్నారు ఎవరో."

"వద్దను! ఆపితే ఊట ఒక్కసారి ఎగదన్నుతుంది! ఆ ముసలి పంపు ఒకసారి ఆగితే మళ్ళీ పట్టడానికి పూటంతా పడుతుంది. ఆలోగా మన నెత్తి మీదికి వస్తాయి నీళ్ళు."

"పంపు తాత కూడా అదే అంటున్నాడు. ఇంజనీరుగారూ వద్దనే అంటున్నారు. 'లోపల ఎవరైనా బతికుంటే వాళ్ళని మన చేత్తో ముంచినట్టవుతుంది' అంటున్నారు."

"మంచివాడే పాపం."

"మంచివారే. బతికున్నారేమోనని పంపు ఆపరు. పంపు ఆగదు కాబట్టి బతికున్నట్టు తెలీదు."

"ఆ ముడి దేవుడే విప్పాలి. ఇంకా?"

"తవ్వేవాళ్ళ మీద పైకప్పు పెచ్చులు పెచ్చులుగా రాలుతోందంట. ఒకతనికి భుజం పగిలిందంట. కొండ సర్దుకునే దాకా మనుషుల్ని వెనక్కి పిలుస్తానంటున్నారు."

"సర్దుకునే దాకా అంటే?"

"కొండ ఎప్పుడు సర్దుకుంటుందో కొండకే తెలియాలి."

"తవ్వకం ఆపేస్తారా?"

"పంపు తాత బతిమాలుతున్నాడు. 'లోపల మా మేస్త్రీ ఉన్నాడయ్యా' అంటున్నాడు. ఇంజనీరుగారు... ఉండండి... 'రెండు పాయల గొట్టాలకీ విడివిడిగా చెవి పెట్టాను, ఒకటే మోత. రెండు చోట్లా మనుషులే ఉంటే ఇద్దరూ ఒక్కలా ఎలా కొడతారు? ఒక్క తేడా చూపించు తాతా. ఈ పాయకీ ఆ పాయకీ ఒక్క తేడా. అటే తవ్విస్తాను. నేనే ముందు గడ్డపార పడతాను' అంటున్నారు."

"ఒక్క తేడా."

"అవును."

"ఒక్క తేడా చాలునన్నాడు కదూ?"

"ఏ తేడా చూపిస్తాం? తప్పించి కొడితే కలిసిపోతుంది. పద్యం కొడితే పూడిపోతుంది. నేను అరిస్తే ఈ రాళ్ళగుట్ట దాటదు. ఏం చేస్తాం మామయ్యా, చెప్పండి, ఏం చేస్తాం?"

"అమ్మాయ్, ఇలా దగ్గరికి రా."

"వచ్చాను."

"మనం ఆపేస్తే?"

"ఏం ఆపేస్తే?"

"కొట్టడం. మనం ఆపేస్తే కుడిపాయలో మోత ఉండదు. ఎడమపాయలో ఉంటుంది. తేడా అదే కదా? రెండు చోట్లా ఒకేసారి ఊడిన బిగింపు ఒక చోటే మళ్ళీ ఎలా బిగుసుకుంది అని అనుమానం వస్తుంది. పైగా మనం లేకపోతే వాడి దెబ్బ ఒంటరిదవుతుంది. ఒంటరి చెయ్యి తడబడుతుంది. ఆ తడబాటులోనే మనిషని తెలుస్తుంది. అటు తవ్వుతారు."

"అటు తవ్వుతారు. ఇటు?"

"వస్తారు. వాణ్ణి తీశాక వాడు ఊరుకుంటాడా? గోళ్ళతోనైనా తవ్వుకుంటూ వస్తాడు."

"అప్పటిదాకా ఈ గాలి ఉంటుందా?"

"అబద్ధం చెప్పమంటావా?"

"వద్దు."

"అయితే అడగకు."

"ఆపినవాడు చచ్చినవాడి లెక్క అన్నారు కదా."

"ఆ లెక్కలోనే రాసుకోనీ. అటు ఒక ముఠా ఉంది తల్లీ. ఇటు మనిద్దరం. నా ఒక్కడి సంగతే అయితే నిన్ను అడిగేవాణ్ణి కాదు. ఇందాకే ఆపేసి చేతులు కట్టుకుని కూర్చునేవాణ్ణి. నువ్వున్నావు. నిన్ను అడగకుండా ఆపే అధికారం నాకు లేదు. వద్దంటే వద్దు. తెల్లారేదాకా, ఊపిరి ఉన్నదాకా కొడుతూనే ఉంటాను."

"ఆయన డబ్బా నా సంచిలో ఉంది."

"ఏం డబ్బా?"

"అన్నం డబ్బా. పొద్దున పోట్లాడుకుని కోపంగా చేతికి దొరికింది పట్టుకొచ్చాను. ఆయనదీ నాదీ రెండూ నా దగ్గరే ఉండిపోయాయి. ఆయన ఆకలితో కొడుతున్నారు."

"వాడికి ఆకలి ఎక్కువ. చిన్నప్పుడు కూడా అంతే."

"ఆపాక ఆయన ఆపితే?"

"వాడా! ఆపడు. ప్రాణం పోయినా ఆపడు. ఆరోజు లాక్కున్న సుత్తి ఇంకా వాడి అరచేతిలో మండుతూనే ఉంటుంది. అందుకే ధైర్యంగా చెబుతున్నాను. వాడు నా కొడుకు. ఆపడు."

"ఎన్నాళ్ళకి అన్నారు ఆ మాట."

"ఏ మాట?"

"ఏం లేదు. ఇంకాసేపు కొట్టండి. ఇంకాసేపు."

"ఎందుకు?"

"ఆయన దెబ్బా మన దెబ్బా కలిసి పడుతున్నాయి కదా. ఒక్కసారి అరచెయ్యి పెట్టి ఉంచుకుంటాను."

"పెట్టుకో తల్లీ."

"..."

"చాలా?"

"చాలదు. కానీ ఆపండి."

"స్వామీ, ఈ చెయ్యి ఎన్నో ఏళ్ళు నీ పేరు చెప్పుకుని రాయి కొట్టింది. ఇప్పుడు నీ పేరు చెప్పుకునే ఊరుకుంటోంది. వాణ్ణి చూసుకో. ఇదిగో తల్లీ, ఇది ఆఖరి దెబ్బ."

"..."

"..."

"ఆపారా?"

"ఆపాను."

"..."

"వాడిది వినపడుతోందా? తడబడుతోందా? చెప్పు."

"..."

"చెయ్యి సరిగ్గా ఆనించు. నా చెయ్యి మొద్దుబారింది, తెలియడం లేదు. వాడిది ఎలా పడుతోంది?"

"మామయ్యా."

"చెప్పవే!"

"పంపు ఒక్కటే ఉంది."

"సరిగ్గా చూడు."

"చూశాను. దుబ్బు దుబ్బుమని పంపు. దాని మీద ఏమీ లేదు."

"ఎడమపాయ?"

"ఏమీ లేదు."

"లేకపోవడమేమిటి? ఇప్పటిదాకా కొట్టాడే! ఇప్పుడే కొట్టాడే! వాడు ఆపడు, నాకు తెలుసు, వాడు ఆపడు! ఆపాడంటే... ఆపినవాడు... అయ్యో, అయ్యో నా తండ్రీ! నేనేమన్నాను వాణ్ణి? 'నువ్వు చచ్చావు, పో' అన్నాను. ఈ నోటితోనే అన్నాను!"

"మామయ్యా, ఉండండి..."

"నా నోరు పడిపోను! దేవుడా, పద్యాలు చదివే నోరని విని ఊరుకున్నావా, ఈ మాటే పట్టుకున్నావా?"

"ఉండండి! ఒక్క మాట వినండి! ఆయన ఎప్పుడు ఆపారు?"

"ఎప్పుడేమిటి?"

"మన ఆఖరి దెబ్బ మీదే. దాని తర్వాత ఒక్కటి కూడా పడలేదు. మనిషి పోతే, సరిగ్గా మనం ఆపిన దెబ్బ మీదే పోతాడా? ముఠా అంతా ఒక్కసారే పోతుందా?"

"మరి?"

"ఈ బాకా ఒక్క మన దగ్గరే ఉందా? ఎడమపాయలో లేదా?"

"ఉంది. అటూ ఒకటి కట్టారు."

"ఆయనా విన్నారు. 'ఒక్క తేడా చూపించు' అన్న మాట ఆయన చెవినా పడింది. మీలాగే అనుకున్నారు. మనకోసం ఆపేశారు."

"నాకోసమా? నాతో మాట్లాడనివాడు?"

"మాటలుండవని చెప్పానుగా. అడుగులు ఒకటే అని కూడా చెప్పాను."

"వెధవ! ఆపొద్దని చెప్పానా! ఒక్కటంటే ఒక్క మాటైనా వింటాడా వాడు!"

"మీరూ ఆపారు."

"నేను తండ్రిని! నేను ఆపొచ్చు! ఏదీ సుత్తి, మళ్ళీ కొడతాను. కొట్టి చెబుతాను వాడికి."

"మీరు మొదలుపెడితే ఆయనా మొదలుపెడతారు. మళ్ళీ ఒకటే మోత."

"అయితే పెట్టను. వాడే కొట్టనీ."

"మీరు కొట్టట్లేదని ఆయనా కొట్టరు. మీరు కొడితే 'నాన్న బతికున్నాడు' అని ఆయన కొట్టకుండా ఊరుకుంటే సరే, లేకపోతే... ఏమో, నాకు తెలియడం లేదు. మనం ఏం చేసినా ఆయనా అదే చేస్తారు. మీకు పుట్టారు, మీ దగ్గర నేర్చుకున్నారు. ఇంకెలా ఉంటారు?"

"అయితే రెండు పాయలూ ఒకటే మళ్ళీ."

"ఒకటే. అప్పుడు మోతలో ఒకటి, ఇప్పుడు మౌనంలో ఒకటి. తేడా లేదు. ఇక వాళ్ళు వెళ్ళిపోతారు."

"..."

"..."

"ఇలా రా తల్లీ. నా భుజానికి ఆనుకో. నీళ్ళలో నిలబడి నిలబడి కాళ్ళు లాగేస్తుంటాయి."

"మామయ్యా, అన్నం తింటారా? ఆయన డబ్బా మీరు తినండి."

"వాడు తినకుండా నేనెలా తింటాను?"

"నాకూ అంతే."

"చేతులు కట్టుకుని కూర్చుందాం. స్వామి ఏం రాశాడో."

"ఉండండి."

"మళ్ళీ ఏమిటి?"

"బాకా. ఏదో గొడవ. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు."

"వెళ్ళిపోతున్నారు కాబోలు. వెళ్ళేటప్పుడు మైకు కట్టేస్తారేమో. అదొక్కటీ ఉంచితే బాగుండును."

"కాదు. 'వెనక్కి రండి' అంటున్నారు. ఎవరినో కేకేస్తున్నారు. గడ్డపారల చప్పుడు. ఎవరో పరిగెడుతున్నారు."

"ఏమైంది? కప్పు కూలిందా? సరిగ్గా విను!"

"మీరు ఊరుకుంటే వింటాను! పంపు తాత ఏడుస్తున్నాడు. దగ్గు, ఏడుపూ కలిసిపోయి మాట తెలియడం లేదు. ఉండండి... ఉండండి... మళ్ళీ అంటున్నాడు. 'అయ్యా, నా పంపు ఆగలేదు, ఇదిగో నడుస్తూనే ఉంది. మరి లోపల రెండు పాయల్లోనూ ఒక్కసారే ఊపిరి తీసుకున్నదెవరు?'"